సిరప్ తాగుతున్నా పొటాషియం ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మాది గుణుపురం, కన్నవారిది సోంపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 19 ఏళ్ళు, బరంపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. దసరాకి ఇంటికొచ్చినప్పుడు మేడమెట్లు ఎక్కుతూ మధ్యలోనే కూర్చుండిపోయింది. నీరసమనుకుని మా వీధిలో ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గర గ్లూకోజ్ ఎక్కించి, వాంతులకి సూది వేయించాం. రాత్రికి కాళ్ళు ఇంకా పట్టేశాయి. మర్నాడు రాయగడ తీసుకెళ్తే పొటాషియం 2.6 అన్నారు. ఆసుపత్రిలో ఉంచి ఎక్కించి, 3.6కి వచ్చాక సిరప్ రాసి పంపారు. నెల తిరక్కుండా మళ్ళీ 2.8. రోజూ అరటిపండు, కొబ్బరిబొండం ఇస్తూనే ఉన్నాను. ఈసారి డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి “అమ్మాయి తిన్నది కక్కేస్తోందేమో చూసుకోండి” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా పిల్ల బక్కగా కూడా లేదు, బాగానే తింటుంది. కాకపోతే తినగానే బాత్రూంలోకి పోతుంది, కుళాయి తిప్పి వదిలేస్తుంది. ఈమధ్య బుగ్గలు ఉబ్బాయి, గవదబిళ్ళలనుకున్నాం. సోమవారం, గురువారం ఉపవాసాలు కూడా మొదలుపెట్టింది. మా నాన్నగారు ఉద్దానం కిడ్నీ జబ్బుతో డయాలిసిస్ మీద ఉన్నారు. ఆయనకి కొబ్బరినీళ్ళు, అరటిపండు విషమంటున్నారు, దీనికేమో మందంటున్నారు. ఆ జబ్బే పిల్లకీ వచ్చిందా? ఏం పెడితే పొటాషియం నిలుస్తుంది? జయపురం నుంచి సంబంధం వచ్చింది, మా అత్తగారేమో దిష్టి అంటున్నారు, మజ్జిగౌరమ్మ దగ్గరకి తీసుకెళ్ళమంటున్నారు. ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. — ఒక తల్లి, రాయగడ జిల్లా

జవాబు: అమ్మా, మిగతాదంతా నెమ్మదిగా చదువుకోవచ్చు, ముందు ఇది చెయ్యండి. 2.8 వచ్చి ఎన్నాళ్ళయిందో మీరు రాయలేదు. రేపు పొద్దున్నే రక్తంలో పొటాషియం మళ్ళీ చూపించండి, దాంతోపాటు ఈసీజీ తీయించండి. ఈలోగా గుండె దడదడలాడినా, మధ్యమధ్యలో లయ తప్పినట్టున్నా, కళ్ళు తిరిగి పడిపోయినా, కాళ్ళూ చేతులూ ఎత్తలేకపోయినా, ఊపిరి అందకపోయినా, వాంతిలో నెత్తురు కనిపించినా రేపటిదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోండి. వీధిలో డాక్టరు దగ్గరికి మాత్రం వద్దు, ఎందుకో చెప్తాను.

మీ రాయగడ డాక్టరు మీద కోపం తగ్గించుకోండి, ఆయన అడిగింది సరైన ప్రశ్న. కాకపోతే అడగాల్సిన మనిషిని అడగలేదు. వరండాలో నిలబెట్టి తల్లిని అడిగే మాట కాదది, గదిలో తలుపేసి అమ్మాయిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడగాల్సింది. ఈ వయసు ఆడపిల్లకి పొటాషియం ఎక్కించిన ప్రతిసారీ పెరిగి, ఇంటికెళ్ళాక మళ్ళీ పడిపోతుంటే మా బుర్ర పోయే దారులు కొన్నే ఉంటాయి: వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు, కొన్ని కిడ్నీ జబ్బులు, థైరాయిడ్ ఎక్కువై కండరాలు ఉన్నట్టుండి పడిపోవడం, అలాగే వంశపారంపర్యంగా వచ్చే అలాంటిదే ఇంకొకటి. నేను డాక్టర్నే గానీ మీ అమ్మాయిని చూడలేదు కాబట్టి ఫలానా అని తేల్చను. కానీ తినగానే బాత్రూం, కుళాయి చప్పుడు, రెండువైపులా చెవుల కింద నుంచి ఉబ్బిన బుగ్గలు, ఇవన్నీ మీరే రాశారు కదా. పదేపదే వాంతి చేసుకునేవాళ్ళలో లాలాజల గ్రంథులు అలాగే ఉబ్బుతాయి. గవదబిళ్ళలైతే జ్వరం, నొప్పి ఉండి మహా అయితే ఓ పదిరోజుల్లో తగ్గిపోయేవి.

“బక్కగా లేదు” అన్నారు, అక్కడే చాలామంది పొరబడతారు. తిండి జబ్బు అనగానే ఎముకల గూడులాంటి పిల్ల మన కళ్ళముందు మెదులుతుంది. అది అనొరెక్సియా. నేను అనుమానించేదాన్ని బులీమియా అంటారు. ఇందులో మనిషి మామూలు బరువుతో, ఒక్కోసారి కాస్త ఒళ్ళుతో ఉంటుంది, నలుగురిలో మామూలుగానే తింటుంది. ఎప్పుడో ఒంటరిగా, ఆపుకోలేనంతగా తినేస్తుంది, ఆ వెంటనే భయం పట్టుకుంటుంది, దాన్ని బయటికి పంపేదాకా నిలవలేదు. లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ అనే మానసిక వైద్యుడు 1979లో దీన్ని విడిగా గుర్తించి పేరు పెట్టాడు. వాంతి కోసం గొంతులో వేళ్ళు పెట్టుకునేటప్పుడు పళ్ళు తగిలి వేళ్ళ కణుపుల మీద పడే గట్టి మచ్చల్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. మీ అమ్మాయి కుడిచేతి వేళ్ళు చూడండి, కానీ పట్టుకుని తిప్పి చూసి నిలదీయకండి. మచ్చలు లేవని నిశ్చింతపడొద్దు కూడా, చాలామందికి ఉండవు.

ఇప్పుడు మీరడిగిన అసలు విషయం. వాంతిలో పొటాషియం పోతోంది కాబట్టి తగ్గుతోందని అనుకుంటాం. నిజానికి కడుపులోని రసంలో పొటాషియం ఉండేది చాలా కొద్ది. వాంతితో పోయేది ముఖ్యంగా ఆమ్లం, ఉప్పు, నీళ్ళు. ఆమ్లం పోయేసరికి రక్తంలో క్షారం మిగిలిపోతుంది, కిడ్నీలు దాన్ని మూత్రంలోకి నెడతాయి, నెట్టేటప్పుడు పొటాషియం కూడా దాంతోపాటు కొట్టుకుపోతుంది. ఇంకోవైపు నీరు తగ్గిందని ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అది ఉప్పుని పట్టి ఉంచి పొటాషియాన్ని వదిలేయమని కిడ్నీలకి చెప్తుంది. అంటే వాంతి చేసుకునేది మధ్యాహ్నమైతే, పొటాషియం పోయేది ఆ తర్వాత గంటల తరబడి, మూత్రంలో. వాంతులు ఆగనంతకాలం మీరిచ్చే సిరప్ చిల్లుకుండలో పోసిన నీళ్ళే.

అరటిపండు లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే మీలాగే ప్రతి తల్లీ అరటిపండ్ల మీదే ఆశ పెట్టుకుంటుంది. రక్తంలో ఉండాల్సింది లీటరుకి 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ దాకా (మిల్లీమోల్ అంటే ఇలాంటి లవణాల్ని కొలిచే లెక్క). ఒంట్లో పొటాషియం దాదాపు 98 శాతం కణాల లోపల ఉంటుంది, రక్తంలో కనబడేది పైపైన చిటికెడు. అందుకే రక్తంలో 1 తగ్గిందంటే ఒంట్లో మొత్తం మీద 200 నుంచి 400 మిల్లీమోల్స్ దాకా లోటు ఉండొచ్చని అంచనా. ఒక మోస్తరు అరటిపండులో ఉండేది 10, 11 మిల్లీమోల్స్. పైగా వాంతుల వల్ల పడిపోయినప్పుడు క్లోరైడ్ కూడా కావాలి, అది లేకపోతే రక్తంలో క్షారం దిగదు, క్షారం దిగకపోతే కిడ్నీ పొటాషియాన్ని వదలడం మానదు. పండులో ఉండే పొటాషియం ఎక్కువగా క్లోరైడ్‌తో కలిసి ఉండదు, సిరప్‌లో ఉండేది పొటాషియం క్లోరైడ్. కాబట్టి అరటిపండు మానక్కర్లేదు గానీ దాన్ని మందు అనుకోవద్దు. సిరప్ రాసిన కొలతే, నీళ్ళలో బాగా కలిపి, తిన్న తర్వాత తాగించండి, ఉత్తది తాగితే కడుపులో మంట పుడుతుంది, ఆ మంటే మళ్ళీ వాంతికి సాకవుతుంది. ఏ గంటకి తాగుతోందో, ఏ గంటకి కక్కుతోందో డాక్టరుకి తెలియాలి, లేకపోతే ఆయన మోతాదు పెంచుకుంటూ పోతారు.

గ్లూకోజ్ ఎక్కించిన రాత్రి కాళ్ళు ఇంకా పట్టేశాయన్నారే, అది యాదృచ్ఛికం కాకపోవచ్చు. చక్కెర నరంలోకి వెళ్ళగానే ఇన్సులిన్ ఊరుతుంది, ఇన్సులిన్ రక్తంలో ఉన్న ఆ కొద్ది పొటాషియాన్ని కూడా కణాల్లోకి తోసేస్తుంది. మన ఊళ్ళలో నీరసమంటే గ్లూకోజ్, కళ్ళు తిరిగితే గ్లూకోజ్, పరీక్షల ముందు పిల్లకి శక్తి కావాలంటే గ్లూకోజ్, అదొక తీర్థంలా అయిపోయింది, నాకైతే ఆ సీసా వేలాడదీసి ఉంటే చూడగానే చిరాకు. వాంతుల సూది సంగతి ఇంకా ముఖ్యం: వాంతులకి ఇచ్చే ఆండన్‌సెట్రాన్ సూది, డాంపెరిడోన్ మాత్ర లాంటివి గుండె విద్యుత్తులో ఒక వ్యవధిని సాగదీస్తాయి, పొటాషియం తక్కువున్నా అదే జరుగుతుంది, రెండూ కలిస్తే ప్రమాదకరంగా లయ తప్పొచ్చు. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆ కోవలోదే. అందుకే ఇకనుంచి జలుబు మందు కొనడానికి వెళ్ళినా “పొటాషియం తక్కువ ఉంటోంది” అన్న మాట ముందు చెప్పండి. ఈసీజీ తీయించమన్నది కూడా ఇందుకే: పిల్ల నవ్వుతూ తిరుగుతూనే ఉంటుంది, 2.8 ఉన్నా ఏమీ తెలియదు, మెల్లగా పడిపోతే ఒళ్ళు అలవాటు పడుతుంది, గుండె మాత్రం అలవాటు పడదు.

పరీక్షలకి వెళ్ళినప్పుడు మెగ్నీషియం, ఫాస్ఫేట్, బైకార్బనేట్ (రక్తంలో క్షారం ఎంతుందో చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), థైరాయిడ్ కూడా అడగండి. మెగ్నీషియం తక్కువుంటే ఎంత పొటాషియం పోసినా నిలవదు, చాలాచోట్ల దాన్ని చూడనే చూడరు. మూత్రంలో క్లోరైడ్ పరీక్ష కూడా ఒకటుంది, రాయగడలో దొరక్కపోతే బరంపురంలో చేయించండి. వాంతులే కారణమైతే అది సాధారణంగా బాగా తక్కువ వస్తుంది, నీరుతీసే మాత్రలు పనిచేస్తున్నప్పుడైతే ఎక్కువ వస్తుంది. పిల్లని నిలదీయకుండానే డాక్టరుకి సగం సమాధానం దొరుకుతుంది.

ఇక మీ నాన్నగారి సంగతి. సోంపేట, కవిటి, మందస వైపు నుంచి వచ్చిన మనిషికి కిడ్నీ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ భయాన్ని తీసిపారేయను. కానీ ఇద్దరిదీ ఒకటే జబ్బయ్యే సూచనలు మీ ఉత్తరంలో లేవు. తాతగారి కిడ్నీలు పొటాషియాన్ని బయటికి పంపలేవు, అది పేరుకుపోతుంది. మనవరాలి కిడ్నీలు పట్టి ఉంచకుండా వదిలేస్తున్నాయి. ఎక్కువైనా తక్కువైనా దెబ్బ తగిలేది గుండెకే. ఉద్దానం జబ్బు ఏళ్ళ తరబడి మెల్లగా ముదురుతుంది, క్రియాటినిన్ పెరుగుతూ పోతుంది, కాబట్టి ఆ ఒక్క పరీక్షతో మీ భయం చాలావరకు తీరుతుంది. అలాగని మీ అమ్మాయి కిడ్నీలకి ఏమీ కాదని చెప్పను. పొటాషియం ఏళ్ళ తరబడి ఇలాగే తక్కువుంటే కిడ్నీలు నిజంగానే పాడవుతాయి, ఆమె అక్కడిదాకా వెళ్ళకూడదనే ఇంత రాస్తున్నాను. ఇంకొకటి, ఆ సిరప్ సీసా మీ కన్నవారింటికి తీసుకెళ్ళినప్పుడు తాతగారి మందుల పక్కన పెట్టకండి. తక్కువ సోడియం ఉప్పు అని ప్యాకెట్లు వస్తున్నాయి చూడండి, వాటిలో సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడే, అది ఆయన కూరలో పడకూడదు.

మీరు రాయలేదు గానీ ఇంకో విషయం చూసుకోవాలి. బ్యాగులో విరేచనాల మాత్రలు, ఆన్‌లైన్‌లో తెప్పించిన సన్నబడే టీ ఏమైనా ఉన్నాయా? ఆ టీల్లో చాలావాటిలో సునాముఖి ఆకు ఉంటుంది, ఆకే కదా అనుకుంటారు, అది విరేచనాల మందు. ఈ మందులు పనిచేసేది పెద్దపేగు మీద, తిన్న తిండి అప్పటికే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటుంది. పోయేది నీళ్ళు, ఉప్పు, పొటాషియం. తూకంలో తగ్గినట్టు కనిపించేది ఆ నీళ్ళే, మర్నాడు తిరిగొస్తాయి. ఈ మాట ఆమెకి ఎవరైనా నెమ్మదిగా చెప్తే బాగుండు, తిట్టుగా కాకుండా సమాచారంగా. వాంతులైనా మాత్రలైనా ఆపిన మొదటి రోజుల్లో, ఒక్కోసారి రెండు మూడు వారాలు, కాళ్ళకి ముఖానికి నీరు చేరి బరువు పెరిగినట్టుంటుంది. “చూశావా, మానేస్తే లావెక్కిపోయాను” అని మళ్ళీ మొదలుపెట్టేది సరిగ్గా అప్పుడే. ఆ నీరు దానంతట అదే దిగుతుందని ముందుగానే చెప్పి ఉంచండి. అది తగ్గడానికని నీరుతీసే మాత్ర ఎవరూ ఇవ్వకూడదు.

ఉపవాసాల దగ్గర మీరు కొంచెం గట్టిగా ఉండాలి. కార్తీక సోమవారాలు, మార్గశిర లక్ష్మివారాలు మన వైపు ఇంటింటా ఉన్నవే, ఒడియావాళ్ళ గురువారం మాణబసా కూడా మనం పట్టేశాం. తప్పని నేననను. కానీ ఈ జబ్బులో ఉపవాసం మంచి దాపు. ఇంట్లో అందరూ “ఎంత భక్తో” అని మెచ్చుకుంటారు, పిల్ల పగలంతా కడుపు మాడ్చుకుంటుంది, ఆ ఆకలి రాత్రి కట్టలు తెంచుకుంటుంది, దాని వెనకే బాత్రూం. పొటాషియం నిలబడేదాకా ఉపవాసాలు డాక్టరు వద్దన్నారని చెప్పండి, నెపం మా మీద వేయండి, మాకలవాటే.

ఏం పెట్టాలి అన్నారు. మీ ఇంట్లో వండేదే పెట్టండి. పప్పు, అరటికాయ, గుమ్మడికాయ పడిన దాల్మా మంచిదే, చిలగడదుంప, ఆకుకూర, పెరుగు, ఎండాకాలమైతే పఖాళ్ (చద్దన్నం), ఏదైనా సరే. ఏం పెట్టారన్నదానికంటే వేళ తప్పకుండా పెట్టడం ముఖ్యం, మూడు పూటలా తిండి, మధ్యలో రెండుసార్లు అటుకులో మరమరాలో పండో. పూటలు దాటకపోతే రాత్రి ఆ ఆపుకోలేని తిండి తగ్గుతుంది. అందరూ కలిసి తినండి, తిన్నాక ఓ గంట ఆమెతో ఏదో పనిలో ఉండండి, టీవీయో, బట్టలు మడతపెట్టడమో. బాత్రూం ముందు కాపలా కాయకండి, గడియ ఊడగొట్టకండి, అలా చేసిన ఇళ్ళలో పిల్లలు పెరట్లోకి పోతారు, ప్లాస్టిక్ సంచులు దాచుకుంటారు. వాంతి జరిగిందని తెలిస్తే వెంటనే పళ్ళు తోముకోవద్దని చెప్పండి, ఆమ్లంతో మెత్తబడ్డ పైపొర బ్రష్‌తో గీసుకుపోతుంది, ఉత్త నీళ్ళతో పుక్కిలిస్తే చాలు. మనం తప్పు చెయ్యమంటున్నట్టు అనిపించొచ్చు మీకు. కాదు, ఈ పళ్ళు పోతే మళ్ళీ రావు కదా, జబ్బు తగ్గేలోగా అవైనా మిగలాలి. వాంతి తర్వాత నీళ్ళు తాగాలంటే గ్లూకోజ్ పొడి కంటే ఓఆర్‌ఎస్ నయం, లీటరుకి 20 మిల్లీమోల్స్ పొటాషియం, దాంతోపాటు క్లోరైడ్ ఉంటాయి. సిరప్‌కి బదులు మాత్రం కాదు.

ఇప్పుడు కష్టమైన భాగం, ఆమెతో మాట్లాడటం. భోజనం దగ్గర వద్దు, మీ అత్తగారి ఎదుట అసలే వద్దు. మీరిద్దరే ఉన్నప్పుడు, మీ మాటల్లోనే, “అమ్మలూ, నీ పొటాషియం ఎందుకు పడిపోతోందో నాకు తెలిసిందే. నేను కోప్పడను, ఎవరికీ చెప్పను. గుండెకి ప్రమాదమట, నాకు భయంగా ఉంది, మనిద్దరం డాక్టరు దగ్గరకి పోదాం” అని చెప్పి ఊరుకోండి. కాదంటుంది. మొదటిసారి దాదాపు అందరూ కాదంటారు, కొందరు అరుస్తారు. వాదించకండి, రెండు రోజులాగి మళ్ళీ అనండి. “ఇంతేసి ఖర్చు పెట్టి కొన్న తిండి కక్కేస్తావా”, “తిండి లేనివాళ్ళని చూడు” లాంటి మాటలు నోటిదాకా వస్తాయి, మింగేయండి. ఆమె ఇది సరదాకి చెయ్యడం లేదు, సిగ్గుతో చచ్చిపోతూ చేస్తోంది. పెళ్ళిళ్ళలో, గడప దాటగానే “అబ్బో, లావయ్యావే” అనే చుట్టాలుంటారు కదా, వాళ్ళ నోళ్ళు మూయించే పని అమ్మాయి నాన్నకి అప్పజెప్పండి. వాళ్ళ నాన్నే ఆ మాట అనేవారైతే ముందు ఆయనతో మొదలుపెట్టండి. ఎప్పుడైనా “బతకాలని లేదు” అన్న ధోరణిలో మాట్లాడితే బెదిరింపనుకోకండి, ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరుకి చూపించండి.

సైకియాట్రీ అనగానే భయపడొద్దు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో ఆ విభాగం ఉంది, అమ్మాయి చదివేదీ అక్కడే కాబట్టి హాస్టల్ నుంచి వెళ్ళిరావడం తేలిక. తెలుగులో మాట్లాడితేనే మనసు విప్పుతుందనుకుంటే విశాఖ కె.జి.హెచ్.కి వెళ్ళొచ్చు. అంతదూరం ఇప్పుడే వద్దనుకుంటే 14416కి ఫోన్ చెయ్యండి, టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, 2022లో మొదలైంది, డబ్బేం తీసుకోరు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, ఫోన్ మీరు చేసినా సరే. ఈ జబ్బుకి వారంవారం కూర్చోబెట్టి మాట్లాడే చికిత్స బాగా పనిచేస్తుంది, తినే వేళలు, తిన్నాక వచ్చే భయం, ఆ భయానికి ముందు ఏం జరిగిందో అన్నీ రాయించి విడదీసి చూస్తారు. ఫ్లూయాక్సిటిన్ అనే మాత్ర కూడా కొందరికి వాంతులు తగ్గిస్తుంది, డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే ఎక్కువ మోతాదులో వాడతారు, అది డాక్టరు ఈసీజీ, పొటాషియం చూసుకుని ఇవ్వాల్సింది. నెలలు పడుతుంది. మధ్యలో జారుతుంది, మళ్ళీ లేస్తుంది. అన్నాళ్ళూ ఇటు పొటాషియం చూసే డాక్టరు, అటు మనసు చూసే డాక్టరు, ఇద్దరూ ఉండాలి, ఒకరి చీటీ ఇంకొకరికి చూపించండి.

జయపురం సంబంధం ఇప్పుడు వద్దు. చదువు కానివ్వండి అని చెప్తే ఎవరూ తప్పు పట్టరు. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని మీ వాళ్ళెవరో అనే ఉంటారు, పెళ్ళిచూపుల కోసం సన్నబడాలన్న ఆలోచనే ఇలాంటి పిల్లలకి అగ్గిమీద ఆజ్యం. కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య, ఇది దాచడానికి ఆమె పడే పాట్లు ఇంకో రెట్టింపవుతాయి.

మీ అత్తగారి మాట కూడా కాదనకండి, మజ్జిగౌరమ్మ గుడి రాయగడలోనే, పరీక్షలు చేయించేదీ రాయగడలోనే. ముందు ల్యాబు, ఈసీజీ, తర్వాత దర్శనం, ఆ రోజు ఉపవాసం లేకుండా. రిపోర్టులు రాగానే అంకెలన్నీ నాకు రాసి పంపండి, మెగ్నీషియం, బైకార్బనేట్ మాత్రం మర్చిపోకండి.